చెరకు గడ మీద చెంబు

భాషల వారీగా రాష్ట్రాలు విడిపోయిన కొత్తలో మా పొలంలో లేచిన మంటకు గడ్డివాము ఒకటి, బండి ఒకటి, పాక ఒకటి పోయాయి. రెండెకరాల చెరకు ఆకు కాలింది, గడలు నిలిచాయి. వెంటనే కొట్టి బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి తోలకపోతే అవీ పులిసిపోతాయి.

మర్నాడే ఉగాది, మరాఠీవాళ్లకూ అదే రోజు కొత్త ఏడు పండుగ. చెరకు కొట్టడానికి మంజీర అవతలి నుంచి వచ్చిన మరాఠీ అవ్వ ఇంటికి పోవడానికి మూట కట్టుకుంది. ఇటు కాలువ నీళ్లతో అంతా పచ్చన. అటు జొన్న కోసేసిన నల్లరేగడి. ఆమె రోజూ గట్టెక్కి ఆ బోసి నేలకే చేయి చాపి, "గదే మా ఊరు" అని మురిసిపోయేది.

ఆ రోజు మా అమ్మ ముఖం చూసి మూట విప్పింది. "పండుగ మల్లొస్తది బాయీ, చెరకు ఆగదు."

పండుగనాడు అమ్మ చెంబుతో ఉగాది పచ్చడి తెచ్చింది. అవ్వ తాగి, చెంబు కడిగి, కాలకుండా మిగిలిన ఒక గడకు తన కొత్త చీర కట్టి, పైన ఆ చెంబు బోర్లించి నిలబెట్టింది.

"పండుగపూట చెంబు బోర్లిస్తరా అవ్వా?" అని అమ్మ తిప్పబోయింది.

"ఉండనీ! మా దిక్కు గీ పండుగంటే గిదే, గడకు చీర కట్టి చెంబు బోర్లిచ్చుడే. నీ పచ్చడి నా కడుపుల, నీ చెంబు నా గడ మీద. ఇంకేం గావాలె?"

"వచ్చే ఉగాదికి బండి కట్టి నిన్ను మీ ఇంట్ల దింపుతం," అంది అమ్మ.

మరుసటి ఏడు అవ్వ రాలేదు. మంటలో పోయినవన్నీ మళ్లీ సమకూర్చుకున్నాం. ఆమెకు మాత్రం ఒక పండుగ ఇప్పటికీ బాకీ.