ఏ పచ్చ?

నా చిన్నప్పుడు, 1957 మార్చి 9 శనివారం సాయంత్రం నాలుగున్నర గంటలకు, మా నాయనమ్మ నన్ను కలకత్తా ఖిదిర్‌పూర్ బజారుకు పంపి గజం పచ్చ గుడ్డ తెమ్మంది. మర్నాడు మా చిన్నాన్న పెళ్లి. పెళ్లి రాటకు నవధాన్యాలు మూటకట్టడానికి ఆ గుడ్డ. తేదీ ఇంత కచ్చితంగా ఎందుకు చెప్పగలనంటే చిన్నాన్న శుభలేఖ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. గంట గుర్తుండడానికి కారణం, నేను గడప దాటుతుండగా రేవులో షిఫ్టు మారే కూత వినిపించింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. చిలక రెక్కల రంగు గుడ్డ ఒకటి ఏరి, గర్వంగా పట్టుకొచ్చాను. ఇల్లంతా చుట్టాలు. మా అమ్మ చెయ్యెత్తింది. నాయనమ్మ ఆమెను ఆపి, నన్ను వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి, నా కుడి అరచేతిలో పసుపు కొమ్మూ ఎడమ అరచేతిలో తమలపాకూ పెట్టింది.

“ఒలే, ఈటిల్లో పచ్చ ఏదే?”

నేను ఆకు చూపించాను.

“మరిదేటి, నలుపా?” అంటూ పసుపు కొమ్మును వేలితో తట్టింది. “ఇదీ పచ్చే, అదీ పచ్చే. ఏ పచ్చ అని అడగాలా ఒద్దా? నోరున్నది బువ్వ తినడానికేనేటే?”

చుట్టాలంతా నవ్వారు. ఆమె తెల్లగుడ్డ ఒకటి పసుపు నీళ్లలో ముంచి ఆరేసింది. పెళ్లి సవ్యంగా జరిగింది. ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు. అందుకే కాబోలు, ఆ పాఠం నాకు సగమే వంటబట్టింది. మా ఇంట్లో పచ్చ అంటే పసుపు రంగు, ఆకు రంగును ఆకుపచ్చ అనాలి. ఇంతవరకు గట్టిగా పట్టుకున్నాను. అడగాలి అన్న ముక్కను వదిలేశాను. దాన్ని నేర్చుకోవడానికి మరో నలభై ఎనిమిదేళ్లు పట్టింది.

ఖిదిర్‌పూర్ తెలుగు బడిలో నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో పనికి కుదిరిన మా వాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు, కొందరికి సొంత ఊరి పేరు కూడా సరిగా తెలియదు. అడిగి అడిగి నోటు పుస్తకాల్లో రాసిపెట్టేదాన్ని. ఒక వానాకాలం మా సందులోకి మోకాలి లోతు నీళ్లొచ్చి, పదకొండు పుస్తకాలు నాని ముద్దయ్యాయి. అది చూసి మా మేనకోడలు చాందినీ మార్కెట్లో ఒక్కో భాగమూ కొని తెచ్చి, మా ముందుగదిలోనే కూర్చుని కంప్యూటరు బిగించింది. “ఇంక ఎంత నీరొచ్చినా బయిం నేదు అత్తా” అంది. పుస్తకాల్లో చదవడానికి వీలైనదంతా అందులోకి ఎక్కించాను. కొత్తగా ఎవరేం చెప్పినా నేరుగా అందులోనే కొట్టడం మొదలుపెట్టాను. కాగితం మానేశాను.

మా పక్కింట్లో డెబ్బై నాలుగేళ్ల ఆవిడ ఉండేది. మా వైపు అక్కను అప్ప అంటాం. సందులో అందరికీ ఆమె అప్పే. తల్లి పోయినప్పుడు తనకు కబురు చెప్పలేదన్న కోపంతో ఆమె తమ్ముడితో ముప్పై ఎనిమిదేళ్లుగా మాట్లాడలేదు. 2005 జూన్ నెలలో ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చుని, ఏమనుకుందో ఏమో, తమ్ముడి పేరు, ఊరు, ఆ ఊళ్లో ఫోనున్న కొట్టు, అన్నీ చెప్పింది. నేను కంప్యూటరులో కొట్టి పెట్టాను. సెప్టెంబరు 8న ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. ఆసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

2005 సెప్టెంబరు 17 శనివారం, విశ్వకర్మ పూజ. కలకత్తాలో ఆ రోజు యంత్రాలకు పూజ చేస్తారు, పనిముట్టు ముట్టుకోరు. నేనూ పొద్దున్నే కంప్యూటరు తుడిచి, పువ్వు పెట్టి, ముందున్న బటన్ మీద తడి పసుపు బొట్టు పెట్టాను. ఇంతలో పక్కింటి కోడలు పరుగున వచ్చింది.

“టీచరమ్మా, మా అత్త రాత్రి కాడ్నించీ మీ గోడేపే సూస్తంది. తమ్ముడా అంటే కంట నీరెడతంది. ఆ ఊరేదో మీకే సెప్పిందట కదా. మా ఆయనకి తెల్దు.”

తొమ్మిదీ ఇరవైకి బటన్ నొక్కాను. ఏమీ కాలేదు. దీపం వెలగలేదు, లోపల ఫ్యాను తిరగలేదు. గోడ ప్లగ్గులో టేబుల్ ల్యాంపు పెట్టి చూశాను, వెలిగింది. తీగ మార్చి చూశాను. మళ్లీ నొక్కాను. ఆ ఊరి పేరు గుర్తు తెచ్చుకోవాలని కళ్లు మూసుకున్నాను. చివర పేట అని ఉంది. అంతే. శ్రీకాకుళం చుట్టూ పేట అని ముగిసే ఊళ్లు ఎన్నో నాకు తెలుసు. తమ్ముడి పేరు రాములో అప్పన్నో, అదీ తేలలేదు.

సందు చివర మెకానిక్ దగ్గరకు వెళ్తే అతను విశ్వకర్మ బొమ్మ ముందు కూర్చుని ప్రసాదం పంచుతున్నాడు. “ఆజ్ హాత్ దేబో నా, మాషిమా” అన్నాడు, ఈ రోజు చెయ్యి పెట్టను పిన్నీ అని. “మీ మిషనుకి ఉన్న బుద్ధి మీకు లేదే, అదీ సెలవు పెట్టింది” అని నవ్వి నా చేతిలో పండు ముక్క పెట్టాడు.

ఫోన్ బూత్ నుంచి మేనకోడలికి చేశాను. తను అసన్‌సోల్‌లో శిక్షణలో ఉంది. సోమవారం పరీక్ష.

“కంగారు పడకు అత్తా. మూత ఇప్పు. ఎనకాల ఇనప డబ్బా ఉంటాది, ఎస్‌ఎంపీఎస్ అంటాం, అదే లోపలికి కరెంటిచ్చేది. దాన్నించి పెద్ద తీగల గుత్తొకటి బోర్డులోకి ఎళ్తాది. ఆ గుత్తి పీకెయ్. అందులో పచ్చ తీగ ఒక్కటే ఉంటాది, నల్లవి సేనా ఉంటాయి. పచ్చనీ ఒక నల్లదాన్నీ చిన్న తీగముక్కతో కలుపు. డబ్బాలో ఫ్యాను తిరిగితే డబ్బా మంచిదే, మళ్లీ నాకు సెయ్యి, తరవాతేటో సెప్తాను. తిరక్కపోతే డబ్బా పోయినట్టే.”

చీటీ మీద రాసుకున్నాను: పచ్చ, నలుపు. చదివి వినిపించాను కూడా. “హ్యా, అదే” అంది.

గుత్తిలో పసుపుపచ్చ తీగ ఒక్కటే ఉంది. ఆకుపచ్చదీ ఒక్కటే ఉంది. దాన్ని చూశాను. దానితో నాకేం పని అనుకున్నాను. పసుపుపచ్చనూ నలుపునూ కలిపాను. నాలుగు నల్ల తీగలతో నాలుగుసార్లు. ఫ్యాను కదల్లేదు.

మళ్లీ బూత్‌కు వెళ్లాను. “నల్లది సరిగ్గా తగిలిందా?” అని అడిగింది. నాలుగుసార్లు పెట్టానన్నాను. నల్ల తీగ గురించి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. “అయితే డబ్బా పోయింది. నేను బయల్దేరనా?” అంది. పరీక్ష పాడుచేసుకోవద్దు, డబ్బా మార్చడమేగా, నేను మారుస్తానని చెప్పాను.

పండగ వల్ల శనివారం చాందినీలో ఆ కొట్లు తెరవలేదు. మర్నాడు ఆదివారం.

ఆ ఆదివారం అప్ప మంచం పక్కన కూర్చుని నాకు గుర్తొచ్చిన పేటలన్నీ ఒక్కొక్కటే చెప్పాను. ఆమె కుడి చెయ్యి నా చేతిలో ఉంది. మీ ఊరి పేరు వస్తే వేలు కదుపు అప్పా అన్నాను. అరవై మూడు పేర్లు చెప్పాను. వేలు కదల్లేదు. కళ్లు మాత్రం నా మొహం మీద నుంచి కదల్లేదు. వినిపిస్తోందని నాకు తెలుసు, ఎందుకంటే నేను తప్పు పేరు చెప్పిన ప్రతిసారీ ఆమె రెప్పలు వాల్చేది. కోడలు గుమ్మంలో నిలబడి, “ఆ పెట్టిని బద్దలుకొట్టి తెరవలేరా టీచరమ్మా?” అంది.

సోమవారం కొత్త డబ్బా కొని, స్క్రూలు లెక్కపెట్టి విప్పి, లెక్కపెట్టి బిగించాను. మూడుంబావుకు బటన్ నొక్కాను. ఏమీ కాలేదు. మెకానిక్ కొట్టుకు తాళం, బొమ్మను నిమజ్జనానికి తీసుకెళ్లారు. నేలమీద కూర్చుని, ఆ బటన్ పదహారుసార్లు నొక్కాను. తర్వాత లెక్క తప్పింది. నా జీవితంలో లెక్క తప్పడం తక్కువ. బూత్‌కు వెళ్లి, మేనకోడలితో “రావే” అన్నాను.

మంగళవారం తెల్లవారి అయిదూ నలభైకి అప్ప పోయింది.

మేనకోడలు దిగేసరికి ఎనిమిదీ యాభై. పక్కింట్లో ఏడుపులు వింటూనే చెప్పులతో లోపలికొచ్చి, నేను తీసి బల్లకింద పెట్టిన పాత డబ్బాను ముందుకు లాగింది.

“నేను సెప్పిన తీగేది అత్తా? సూపించు.”

చూపించాను.

“ఇది హోల్దే కదా!” అంది. బెంగాలీలో పసుపు రంగు.

“నువ్వు పచ్చ అన్నావు.”

“పచ్చంటే షొబుజే కదా అత్తా. ఆకు రంగు. మరేటి?”

తను మా ఇంట్లోనే పెరిగింది. కానీ సందులో, బడిలో, అంతా బెంగాలీ. షొబుజ్ అనుకుని తెలుగులో పచ్చ అంది. నేను పసుపు అనుకుని పచ్చ అని రాసుకున్నాను. చీటీలో ఒక్క అక్షరం తప్పు లేదు.

తను ఆకుపచ్చ తీగనూ నల్లదాన్నీ కలిపింది. పాత డబ్బాలో ఫ్యాను గిర్రున తిరిగింది. దానికి ఏ రోగమూ లేదు. తర్వాత కంప్యూటరు లోపల, బటన్ తీగలు వచ్చి తగిలే రెండు సన్నటి పుల్లలను స్క్రూడ్రైవరు మొనతో ఒక్కసారి తాకించింది. తొమ్మిది గంటలకు తెర వెలిగింది. బటన్ ఊడదీసి చూస్తే దాని అంచుల్లో పసుపు ముద్ద ఎండి గట్టిపడి ఉంది. నేను పెట్టిన బొట్టే.

ఊరి పేరు మూడో వరసలో ఉంది. నేను చెప్పిన అరవై మూడింటిలో అది లేదు.

ఆ ఊళ్లో కొట్టుకు ఫోను చేశాం. పావుగంట తర్వాత ముసలి గొంతు ఒకటి, ఆయాసపడుతూ వచ్చింది. మీ అప్పకు బాగాలేదు, మాట పడిపోయిందని కొట్టువాళ్లతో చెప్పించాం, అంతవరకే అతనికి తెలుసు. నేను నోరు తెరిచేలోపే అన్నాడు:

“మాట పడిపోతే పడిపోనీండమ్మా. ఇంటాది కదా? ఫోను మా అప్ప సెవికాడ ఎట్టండి. నానొక మాట సెప్పాల.”

అతను మెయిలెక్కి బుధవారానికి వచ్చాడు. శనివారమే కబురు అందితే ఆదివారానికి వచ్చేవాడు. దినాలయ్యేదాకా ఉన్నాడు. ఆ మాటేమిటని అడిగాను. అప్పటికి నేను అడగడం నేర్చుకున్నాను.

“అది మా అప్పకి సెప్పాల్సింది. మీకేటికమ్మా” అన్నాడు. కోపం లేదు గొంతులో.

ఈనాటికీ ఎవరైనా నా ముందు పచ్చ అంటే, “ఏ పచ్చ?” అని అడగకుండా ఉండలేను. చీరల కొట్లో, కూరల బండి దగ్గర, పిల్లల రంగు పెన్సిళ్ల దగ్గర. సందులో పిల్లలు నన్ను చూసి “ఏ పచ్చ దిదిమా” అని, అంటే ఏ పచ్చ అమ్మమ్మ అని, వెక్కిరిస్తారు. అననిస్తాను. ఎవరి వివరం విన్నా ఇప్పుడు కాగితం మీద కూడా రాస్తున్నాను.

కంప్యూటరు ఆగి ఉన్నది డెబ్బై ఒక్క గంటల నలభై నిమిషాలు. చెడిన భాగం, బటన్ ఒకటి. అనవసరంగా కొన్న డబ్బా ఒకటి. తప్పు చెప్పిన ఊళ్లు అరవై మూడు. అప్ప పోయాక తెర వెలగడానికి ఆలస్యం మూడు గంటల ఇరవై నిమిషాలు. చేరని మాట ఒకటి.