జెలీ నింపిన పీపా

ఫ్రాన్స్‌లోని జూరా కొండల్లో జెలీ అనే పెద్దావిడ ముక్కుకు ఎదురులేదు. నలభై ఏళ్లుగా పసుపు వైను పెడుతోంది, ఒక్క పీపా చెడలేదు. ఊళ్లో ఎవరికి తమ పీపా మీద అనుమానం వచ్చినా ముందు ఆవిడకే కబురు వెళ్లేది. ఆవిడ వచ్చి, వాసన చూసి, "బాగానే ఉంది, దాని జోలికి పోకండి" అని వెళ్లిపోయేది.

నిండు కుండ తొణకదంటారు గానీ, పసుపు వైనుకు వెలితే ప్రాణం. సవాన్యా ద్రాక్ష వైనును పీపాలో పోసి ఆరేళ్ల మూడు నెలలు వదిలేయాలి. అది కొంచెం కొంచెంగా ఆవిరై తగ్గుతుంది. ఆ వెలితిలో పాల మీది మీగడలా ఒక పొర కడుతుంది. అక్రోటు వాసన తెచ్చేది ఆ పొరే. మళ్లీ నింపారో, పొర చిరుగుతుంది, పీపా పోతుంది.

జెలీ అల్లుడు బ్రీస్‌ది పక్క సీమ బర్గండీ. బుద్ధిమంతుడు, ఒళ్లు దాచుకోడు. వాళ్ల వైపు పీపా వేలెడు తగ్గినా పరువు తక్కువ, వారం వారం నింపాల్సిందే. అతనికి పెళ్లయిన ఏడాదే, ఆకురాలు కాలంలో జెలీ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. రెండు నెలలు ఆసుపత్రిలో ఉంది. కూతురు ఒదీల్ తల్లి దగ్గరే ఉండిపోయింది. ఒంటరిగా మిగిలిన బ్రీస్ నేలమాళిగలోకి దిగి చూస్తే, నాలుగేళ్ల పీపా ఒకటి జానెడు వెలితిగా ఉంది. అది జెలీ భర్త చనిపోయే ముందు కోసిన ఆఖరి పంట. "పాపం, చూసే దిక్కు లేదు" అనుకుని ప్రతి శనివారం కొత్త వైనుతో మూతిదాకా నింపాడు.

జెలీ ఇంటికి రాగానే తనే గర్వంగా చెప్పాడు కూడా. "అత్తయ్యా, ఆ పీపాలో చుక్క వెలితి లేకుండా చూసుకున్నాను."

జెలీ కర్ర పట్టుకుని కిందికి దిగింది. గ్లాసులోకి కొంచెం తీసి వాసన చూసింది. అక్రోటు జాడ లేదు. భర్త చేతి పంట అలా పోయిందని ఆవిడకు ఏడుపొచ్చింది, అల్లుడి చెంప పగలగొట్టాలనీ అనిపించింది. "ఇక్కడ నింపరు నాయనా" అని మాత్రం అంది. బ్రీస్ మొహం పాలిపోయింది.

ఫిబ్రవరిలో ఇరుగుపొరుగు ఒకరి పీపాలు ఒకరు రుచి చూడటం ఆనవాయితీ. పక్కింటి ఆన్సెల్మ్ ఒక గుక్క తాగి ఉమ్మేశాడు.

"ఇదేంటే జెలీ! ఏ తెలివితక్కువ దద్దమ్మ నింపాడు దీన్ని?"

బ్రీస్ నోరు తెరవబోయాడు. జెలీ కర్ర అతని బూటు మీద గట్టిగా దిగింది.

"నేనే. ముసలి మతి, పరధ్యానంగా పోసేశాను."

నలభై ఏళ్ల పేరు ఒక్క మాటతో గంగలో కలిపేసింది. ఆ రోజు నుంచి ఆవిడ వీధిలోకి వస్తే చాలు, "జెలీ వస్తోంది, పీపాలకు తాళాలేయండర్రోయ్!" అని అరిచేవాళ్లు. ఆవిడ నవ్వేసేది. చెడిన వైనును ఆదివారాలు కోడి, అడవి పుట్టగొడుగుల కూరలో పోసేది. విచిత్రమేమంటే, పీపాలు చూడమని ఆవిడకొచ్చే కబుర్లు ఒక్కటీ తగ్గలేదు. అదెందుకో బ్రీస్‌కు అర్థం కాలేదు.

మరుసటి ఏడు బ్రీస్ తన సొంత పీపా పెట్టాడు. ఆరేళ్ల మూడు నెలలు వేలు కూడా పెట్టలేదు. దాన్ని తెరిచిన రోజు ఊరంతా వచ్చింది. కోంతే చీజ్ కొరికి, వైను చప్పరించి, ఆన్సెల్మ్ కళ్లు మూసుకున్నాడు. అప్పుడు బ్రీస్ లేచి నిలబడ్డాడు.

"ఆనాడు పీపా నింపింది అత్తయ్య కాదు. నేను."

"అబ్బో, చెప్పొచ్చావులే!" అన్నాడు ఆన్సెల్మ్. "మరి మీ అత్త ఆసుపత్రి మంచం మీంచి పోసిందనుకున్నామా?"

"తెలిసీ ఇన్నేళ్లు ఆవిణ్ని ఏడిపించారా?"

"నేనే పోశానంది కదయ్యా. జెలీ మాట కాదనడానికి మేమెవరం?"

జెలీ ఎవరి వైపూ చూడలేదు. "కబుర్లు చాలించండి, కోడి చల్లారిపోతోంది" అంటూ సీసా అందుకుని, అల్లుడి గ్లాసు అంచుదాకా నింపింది.