తలుపు మూసుకునే గది కోసం: మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా

నేను ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో ఉంటాను. అక్కడి ఆసుపత్రుల్లో ఇంగ్లీషు రాని తెలుగు రోగులకీ డాక్టర్లకీ మధ్య ఫోన్లో దుబాసీగా పనిచేస్తాను. ఎక్కడ కూర్చునైనా చేసుకోగలిగే ఉద్యోగమని అందరూ అనుకుంటారు, మొదట్లో నేనూ అనుకున్నాను. ఈసారి మా అక్క మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకుంది. బావగారి ఉద్యోగం విశాఖలో. ఆయనకి సెలవు దొరక్కపోవడంతో నేనే ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని మచ్చ బొల్లారంలోని అక్క ఇంటికి వచ్చాను. వంట చేసి, అక్కకి స్నానానికి సాయం చేసి, మధ్యాహ్నం నుంచి నా పని చూసుకుంటే సరిపోతుందని లెక్క వేసుకున్నాను. బయటి దేశాల్లో ఉంటూ ఇలా కొన్ని వారాలకి వచ్చి, ఇక్కణ్ణుంచే పని చేసుకోవాలనుకునేవాళ్ల కోసం ఆ లెక్క ఎలా తప్పిందో రాస్తున్నాను.

నా పనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. తలుపు మూసుకునే గది, తెగని సిగ్నల్, నా గొంతు తప్ప ఇంకో గొంతు వినపడకపోవడం, అంతే. రోగి చెప్పుకునే మాట ఇంకొకరి చెవిన పడకూడదన్నది మా నియమాల్లో మొదటిది. వచ్చిన కొత్తల్లో ఒకరోజు అక్క ఇంట్లో కరెంటు లేక కొంపల్లిలో ఒక కాఫీ షాపు మూలకి వెళ్లి కూర్చున్నాను. కాల్ సగంలో ఉండగా పక్క బల్ల దగ్గర ఎవరిదో పుట్టినరోజు మొదలైంది. చప్పట్లు, పాట, స్పీకరు. ఫోను పట్టుకుని బయటికి పరుగెత్తితే హైవే మీద లారీల హారన్లు. "ఉన్నవా అమ్మా? పోయినవా?" అని అవతలి రోగి, ఒక తెలుగావిడ, అడుగుతుండగానే లైను తెగిపోయింది. ఇంకోసారి ఇలా జరిగితే కొన్నాళ్లు పని ఇవ్వలేమని ఏజెన్సీవాళ్లు మర్యాదగానే రాశారు. అదే ఉత్తరం చివర్లో, ఆ రోగి తర్వాతి కాల్‌కి కూడా మొన్నటి అమ్మాయినే పిలవమని అడిగిందని ఉంది. నేను చెప్పబోయేది ఆ తర్వాతి కాల్ ఉన్న రోజు సంగతి.

ఆ కాల్ మన టైము ప్రకారం మధ్యాహ్నం రెండున్నరకి. పొద్దున ఎనిమిదింటికే పక్క ప్లాటులో బోరు బండి దిగింది. పదయ్యేసరికి అక్క మంచం పక్కన గ్లాసులో నీళ్లు కూడా వణుకుతున్నాయి. "నువ్వు ఎక్కడికైనా వెళ్లవే బాబూ, ఈ రోజుకి నన్ను ఎదురింటి పిన్నిగారు చూసుకుంటారు," అంది అక్క, రెండు చెవులూ మూసుకుని. అన్నం, పప్పు గిన్నెలు చేతికందేలా పెట్టి పదిన్నరకి బయల్దేరాను. రాత్రి కూడా నిద్ర సరిగ్గా లేదు. సంచీ భుజానికి తగిలించుకుంటుంటేనే ఎక్కడైనా కూలబడాలనిపించింది.

ముందు కొంపల్లి. ఆటో నూట ఎనభై అడిగాడు, నూట యాభైకి వచ్చాడు. అక్కడ రోజు అద్దెకి బల్లలిచ్చే ఆఫీసు ఒకటుందని ముందే చూసి పెట్టుకున్నాను. చల్లగా, శుభ్రంగా, నెట్ బ్రహ్మాండంగా ఉంది. కానీ అద్దాల గదులన్నీ ఏదో కంపెనీ ఇంటర్వ్యూలకి తీసేసుకుంది. "బల్ల గావాల్నంటే ఇస్త మేడం, రూమ్‌లు మాత్రం సాయంత్రం దాంక ఖాళీ లెవ్వు," అన్నాడు మేనేజరు. నేను బల్ల ఏం చేసుకోను? మీ పని కీబోర్డుతో అయ్యేదైతే మాత్రం ఆ చోటు బాగుంటుంది, నిరభ్యంతరంగా వెళ్లండి.

మేడ్చల్‌లో బస్టాండు దగ్గర లాడ్జీలుంటాయని అక్క చెప్పింది గుర్తొచ్చి బస్సెక్కాను. తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదనుకుని ధీమాగా ఆధార్ చూపించాను. కండక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "గిది ఆంధ్ర అడ్రస్ గద అమ్మా, టికెట్ తీసుకోవాలె," అంది. తీసుకున్నాను. దిగేసరికి పన్నెండు దాటింది. మొదటి లాడ్జీలో కౌంటరు దగ్గరి పెద్దాయన నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. ఒక్కదాన్నేననీ, మూడు గంటలసేపు గది చాలనీ, ఆఫీసు పని ఉందనీ చెప్పాను. మూడు గంటలనే మాటతో ఆయన ముఖం మారిపోయింది. "ఒక్క ఆడమనిషికి ఇయ్యమమ్మా. ఏమనుకోకు, మాకు పరేషాన్ అయితది." రెండో చోట ఆ మాత్రం కూడా మాట్లాడలేదు, చెయ్యి ఊపేశారు. కోపం రావాలి గానీ ఓపిక లేదు. శాఖా గ్రంథాలయంలోకి వెళ్లి ఫ్యాను కింద పావుగంట కూర్చున్నాను. మేడ్చల్‌లో ప్రశాంతమైన చోటు అదే. పోటీ పరీక్షలకి చదివే పిల్లలు పేజీ తిప్పితే వినపడుతుంది. అలాంటి చోట నేను నోరు విప్పేదెలా?

ఇక మిగిలింది శామీర్‌పేట రిసార్టులు. ఒక్క పూటకి అంత డబ్బు పెట్టడానికి మనసొప్పలేదు గానీ అప్పటికి ఒంటిగంట కావస్తోంది. మేడ్చల్ చౌరస్తాలో మల్లేశ్ అనే ఆటో డ్రైవరు మూడు వందల యాభైకి ఒప్పుకున్నాడు. నలభై ఏళ్లుంటాయి, మాట నెమ్మది. ఔటర్ రింగు రోడ్డు దాటి పొలాల మధ్య నుంచి వెళ్తుంటే గాలికి కళ్లు మూతలు పడ్డాయి. రిసార్టు గేటు దగ్గర మెలకువ వచ్చింది నాకు, అదీ లోపల్నుంచి డీజే మోతకి. ఎవరో ఆఫీసువాళ్లు విహారానికి వచ్చారట. గేటు దగ్గరి కుర్రాడు గదులున్నాయన్నాడు గానీ, నేను కూర్చున్న ఆటో సీటు కూడా ఆ మోతకి అదురుతోంది. టైము చూసుకున్నాను. ఒంటిగంటా నలభై. నాకు తెలియకుండానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మల్లేశ్ అద్దంలో చూసి ఇంజను ఆపాడు. "అసలు మీకు ఏం గావాలె మేడం? ఏసీ రూమా?"

"ఏసీ వద్దు, మంచం వద్దు. తలుపు వేసుకోగలిగే గది. సిగ్నల్ ఉండాలి, చప్పుడు ఉండకూడదు. ఆసుపత్రివాళ్లతో ఒక గంట మాట్లాడాలి."

"గింతేనా? గీ ముచ్చట మేడ్చల్‌లనే చెప్తే అయిపోతుండె గద," అన్నాడు ఆటో వెనక్కి తిప్పుతూ. "ఇప్పుడు ఆషాఢం. లగ్గాలు లెవ్వు. ఫంక్షన్ హాల్లన్నీ తాళాలేసుకుని ఉన్నయ్. మా చిన్నమ్మ ఒక హాలు కాడనే ఉంటది, ఊడ్సుడు, కావలి అంత ఆమెనే. అడుగుదాం పార్రి."

రాజీవ్ రహదారి నుంచి కాస్త లోపలికి, శామీర్‌పేట చెరువుకి వెళ్లే వైపున ఉంది ఆ హాలు. గులాబీ రంగు గోడలు, ముందు పెద్ద ఖాళీ స్థలం. మల్లేశ్ చిన్నమ్మ సత్తెమ్మ వరండాలో చేపల వల ఒకటి ఒళ్లో వేసుకుని చిరుగులు కుడుతోంది. ఆమె భర్త చెరువులో చేపలు పడతాడట. మల్లేశ్ నా గోడు రెండు మాటల్లో చెప్పాడు. ఆమె వల పక్కన పెట్టి, యజమానికి ఫోను చేసి, "ఎవరో చదువుకున్న పిల్ల, దవాఖాన పనట, గంట సేపు కూసుంటదట," అని చెప్పింది. ఆయన మూడు వందలు ఇమ్మన్నాడు. ఇంత తేలిగ్గా అయిపోతుందని నమ్మలేక నేను ఇంకా సంజాయిషీ ఇస్తుంటే, "ఇగ చాలు తియ్, లోపలికి రా బిడ్డా. మొకం చూస్తే పొద్దుగాల నుంచి ఏం తిన్నట్టు లేవు," అంటూ తాళాల గుత్తి తీసుకుని నడిచింది.

నాకు పెళ్లికూతురి గది తెరిచింది. గోడంతా అద్దం, అద్దం చుట్టూ బల్బులు, ఒక మూల ఎప్పటివో ఎండిన బంతిపూలు. సిగ్నల్ నిండుగా ఉంది. రెండుంపావుకి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, నోట్స్ కాయితం పరుచుకుని కూర్చున్నాను. ఎదురుగా అద్దంలో జుట్టు చెదిరిన మనిషి కనిపిస్తుంటే కుర్చీ పక్కకి తిప్పేశాను. రెండున్నరకి కాల్ వచ్చింది.

ఆ కాల్‌లో ఏం మాట్లాడుకున్నారో నేను రాయకూడదు. ఆమె పేరు, ఊరు, జబ్బు ఏవీ చెప్పను. ఒక పెద్ద నిర్ణయం ఆమె తీసుకోవాల్సి ఉంది, అడగడానికి పక్కన తనవాళ్లెవరూ లేరు, ఇంత మాత్రం చెప్పగలను. డాక్టరు ఓపికగా ఒక్కో మాటా చెబుతున్నాడు, నేను తెలుగులో పెడుతున్నాను. సరిగ్గా అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి నెత్తి మీద రాళ్లు కుమ్మరించినట్టు చప్పుడు. వాన. పెళ్లికూతురి గదికి పైన రేకులు! నేను అరిచినా నాకే వినపడటం లేదు. కరెంటు కూడా పోయింది.

"అక్కా, ఒక్క నిమిషం. నేను ఉన్నాను, పోలేదు," అని గట్టిగా చెప్పి, డాక్టరుకీ ఆ మాటే ఇంగ్లీషులో చెప్పి, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని తలుపు తీశాను. సత్తెమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. పైకి చూపించి, చెవి చూపించాను. ఆమె నా మణికట్టు పట్టుకుని చీకట్లో హాలంతా దాటించి, స్టేజీ వెనక స్లాబు వేసిన చిన్న గది తెరిచి, లోపలికి తోసింది. విడిదికి వచ్చే పెళ్లివారి పరుపులు, దిండ్లు నేల నుంచి కప్పు దాకా పేర్చి ఉన్నాయి. తలుపు మూయగానే వాన ఎక్కడో పక్క ఊళ్లో పడుతున్నట్టయిపోయింది. చిన్న కిటికీ దగ్గర సిగ్నల్ రెండు గీతలు. కలరా ఉండల వాసనకి ముక్కు మండుతోంది. పరుపుల మీద కూర్చుని, "ఇప్పుడు చెప్పండి," అన్నాను.

అవతలి ఆమె డాక్టరు చెప్పిన సంగతి వదిలేసి నన్ను అడిగింది. "గా సప్పుడు రేకుల మీద వాన గద? యాడ పడ్తాందమ్మా?"

దుబాసీ తన గురించి మాట్లాడకూడదు. రోగి అన్న ప్రతి మాటా డాక్టరుకి చెప్పాలి. చెప్పాను. ఆయన ఆమెకి జవాబు చెప్పమన్నాడు.

"శామీర్‌పేట దగ్గరక్కా," అన్నాను.

  ఆమె ఒక ఊరి పేరు చెప్పి, "మాకాడ గూడ పడ్తుంటదా?" అంది. ఆ ఊరు నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. "పడ్తనే ఉంటది తియ్. సరే, ఇగ చెప్పమను డాక్టర్‌సాబ్‌ని. ఇంటున్న." ఆ తర్వాత నలభై నిమిషాలు ఆమె ఒక్కసారి కూడా తడబడకుండా అడగాల్సినవన్నీ అడిగింది, తన నిర్ణయం తనే చెప్పింది. కాల్ తెగలేదు.

తలుపు తీసేసరికి వాన సన్నబడింది. సత్తెమ్మ గదికి దూరంగా, స్టేజీ మెట్ల మీద కూర్చుని ఉంది. "మల్లిగాడు పాటలు పెట్టబోతే బంద్ చేపిచ్చిన," అంది. ఏం మాట్లాడానో అడగలేదు. అన్నం, చేపల పులుసు గిన్నెలో తెచ్చి ముందు పెట్టింది. పెళ్లిళ్లలో వందలమంది తినే బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. సగం తిన్నాక ఏడుపొచ్చింది. "కారం ఎక్కువైందా?" అంది సత్తెమ్మ. అవునన్నాను. మంచినీళ్లు తెచ్చిచ్చి, పక్కనే కూర్చుని వల కుట్టుకుంది.

ఐదింటికి రాజీవ్ రహదారి మీద సికింద్రాబాద్ బస్సు ఎక్కి, తూంకుంట, హకీంపేట మీదుగా వచ్చి, బొల్లారంలో దిగి ఆటోలో ఇల్లు చేరాను. గంట లోపే అయిపోయింది. పొద్దున కొంపల్లి, మేడ్చల్ చుట్టి తిరగకుండా ఈ దారినే వచ్చి ఉంటే ఎంత బాగుండేదో! బోరులో నీళ్లు పడలేదట, బండి వెళ్లిపోయింది. అక్క నిద్రపోతోంది. నేనూ పక్కనే చాప వేసుకుని పడుకున్నాను.

ఆషాఢం అయ్యేదాకా వారానికి మూడు నాలుగు రోజులు ఆ పరుపుల గదిలోనే పనిచేశాను. శ్రావణంలో హాలుకి రంగులు వేయడం మొదలుపెట్టారు. అప్పటికి అక్క కర్ర సాయంతో నడుస్తోంది. నేను తిరిగి కార్క్ వచ్చేశాను. ఇక్కడ నా గదికి మంచి తలుపుంది, బల్ల ఉంది, నెట్ ఎప్పుడూ పోదు. ఫోనులో మాట్లాడిన ఆ అక్కకి తర్వాత ఏమైందో నాకు తెలియదు. నా పనిలో తెలియదు కూడా. కాల్ పెట్టేశాక మనుషులు అక్కడితో ఆగిపోతారు. ఇన్నేళ్లలో ఎంతమంది అలా ఆగిపోయారో తలుచుకుంటే ఒక్కోసారి రోజంతా పని చేసిన దానికన్నా ఎక్కువ అలసట వస్తుంది. కానీ ఆ రోజు ఆమెకి కావలసిన ఒక గంట నేను అవతల ఉన్నాను. దానికి ఒక ఆటో మనిషి, వల కుట్టుకునే ఒక ఆవిడ కావలసి వచ్చారు.

మీకు పనికొచ్చే మాట ఒకటి. ఈ చుట్టుపక్కల నిశ్శబ్దంగా మాట్లాడుకునే చోటు కావాలంటే, ముహూర్తాలు లేని రోజుల్లో ఫంక్షన్ హాలు అడగండి. గది చూపించినప్పుడు అద్దాలు, ఏసీలు చూడకుండా ముందు తలెత్తి పైకప్పు చూడండి. రేకులైతే పరుపులు ఎక్కడ పెడతారో అడగండి.