ఆటోకు అడ్డం నిలబడ్డ ఉదయం

మా ఆయనకు పక్షవాతం వచ్చి, కుడిపక్క పడిపోయి, మాట పోయి నెలయింది. హసన్‌పర్తిలో మా ఇంట్లోనే రోజూ ఫిజియోథెరపీ చేయిస్తున్నాను. ఒక ఉదయం ఆయన అన్నగారు ఆటో తీసుకొచ్చారు.

"ఈ కసరత్తులు బంద్ పెట్టు. ములుగు దిక్కు పావురం రక్తంతోని మాలిష్ చేస్తరట, తీస్కపోతా" అంటూ తమ్ముణ్ని లేపి వాకిట్లోకి నడిపించబోయారు.

నేను పరుగెత్తి ఆటోకు అడ్డం నిలబడ్డాను.

"నీ మొగడు మంచంలనే పడుండాల్నా నీకు?" అని వాడకట్టంతా వినేలా అరిచారు బావగారు.

"నన్ను తొక్కిచ్చి తీస్కపో బావా" అన్నాను.

అప్పుడు మా ఆయన ఎడమచేత్తో అన్న చేయి విదిలించుకుని, వంకరపోయిన మూతితోనే "పో...ను" అన్నారు. నెల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

ఇప్పుడాయన కర్ర పట్టుకుని నడుస్తున్నారు. బావగారు మా గడప తొక్కడం లేదు. తమ్ముడి మీద ప్రేమతోనే వచ్చారని అందరూ అంటారు. నిజమే కావచ్చు. వాకిట్లో నన్నన్న ఆ మాటను మాత్రం నేనింకా క్షమించలేదు.