దక్షిణపు గోడ లోపల పికప్పు బండి

ఎల్లమ్మ తోడు, పొద్దున తిన్న జొన్నరొట్టె తోడు, ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారు. నవ్వనీ. మళ్లీ మళ్లీ నమ్మించే ఓపిక ఇప్పుడు లేదు.

మా బాపు నడిపిన పాత పికప్పు బండి ఇంటి ఆవరణలో, దక్షిణపు గోడ పక్కన పడి ఉండేది. గుండ్రటి ముక్కు, కప్పకళ్లలాంటి లైట్లు, వెనక చెక్కల తొట్టి. మా వడ్లు అందులోనే హాలియా మార్కెట్‌కు పోయేవి. ఒకసారి మేళ్లచెరువు నుంచి సిమెంటు బస్తాలు తెస్తుంటే బ్రేకులు పోయాయనీ, బండి తనంతట తానే కల్లు దుకాణం ముందు ఆగిందనీ బాపు చెప్పేవాడు. అబద్ధాలు నాకు ఆస్తిలో వచ్చాయి. బండి వాటి వెంట వచ్చింది.

బాపు పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఒకే ఏడు మా బోరు ఎండింది, బర్రె చచ్చింది, నేను కామెర్లతో దవాఖానలో పడ్డాను. మా ఇంటామె భయపడి వాస్తు పంతులును పిలిపించింది. ఆయన ఇల్లంతా తిరిగి, దక్షిణం దర్వాజే అన్నిటికీ మూలమన్నాడు. పెద్ద దర్వాజ పీకించి అక్కడ గోడ కట్టించాం. ఈశాన్యంలో మోటారు సైకిలు పట్టేంత చిన్న గేటు పెట్టించాం. ఆ తర్వాతే నేను కోలుకుని తిరిగాను. మేస్త్రి, కూలీలు, పంతులు, మేమిద్దరం, అందరం ఆ బండికి ఆనుకుని నిలబడే గోడ కట్టించాం. అది ఎట్లా బయటికి పోతుందని ఒక్కరికీ తట్టలేదు.

కిందటేడు పాత ఇనుము కొనేవాడు గోడ మీదుగా తొంగిచూసి, ముక్కలుగా కోసి తీసుకుపోతానన్నాడు. ముక్కలు అన్న మాట నాకు పడలేదు. బాగుచేయిస్తానని పంపేశాను.

నల్లగొండ నుంచి ఒక మెకానిక్కు వచ్చేవాడు, అందరూ ఉస్తాద్ అంటారు. బానెట్ ఎత్తగానే ముంగిస సంసారం బయటపడింది. తల్లి, తండ్రి, పిల్లలు, వెనక అత్తగారు కూడా.

“ఇన్నేండ్ల కిరాయి అడిగినవా అన్నా?” అన్నాడు ఉస్తాద్.

ఆ తర్వాత నవ్వు తక్కువ. గరుకు కాగితంతో తుప్పు గీకీ గీకీ భుజం పట్టేసింది. ఒక రంగు కింద ఇంకో రంగు, అన్నిటి కింద చిల్లి. సామాన్ల కోసం హైదరాబాద్‌లో పాత బజార్లన్నీ తిరిగాను. దొరికింది పట్టదు, పట్టేది దొరకదు. తొట్టికి వేపచెక్కలు వేయించాను, సీటుకు ఎర్ర రెక్సిన్ కుట్టించాను. వెనక తలుపు మీద నెమలి వేయమని పెయింటర్‌కు చెప్పి నిద్రపోయాను. లేచేసరికి వేసేశాడు.

దసరాకు బండి కడిగి, ఊళ్లో బండ్లన్నిటి వరుసలో నిలబెట్టి పూజ చేయాలని నా కోరిక. ఆ మాట అంటే ఉస్తాద్ చుట్టూ చూశాడు.

“అంత మంచిగనే ఉన్నది గని, గీ బండి ఏడికెళ్లి బయటికి పోతది అన్నా?”

నేను పాత దర్వాజ ఉండిన చోట గోడను తట్టి చూశాను.

“గోడ ముట్టుకుంటే సూడు!” అంది మా ఇంటామె. “గా దర్వాజ మూసినంకనే నీ పానం నిలవడ్డది. నాకు బండి కావాల్నా, నువ్వు కావాల్నా?”

“అయితే ముక్కలు చేసి అమ్ముదామా?”

“ముందు దాన్ని మోగనియ్యి. అప్పుడు సూద్దాం” అంది. అది ఎన్నటికీ మోగదని ఆమె ధీమా.

దసరా ముందురోజు మధ్యాహ్నం ఇంజను మోగింది. గోడకున్న సున్నం రాలింది. పొలాల్లో కొంగలు లేచి పానగల్ చెరువు దాకా ఆగకుండా పోయాయి. పక్కింటి చెవిటి తాత “ఎవర్రా గా మొత్తుకునేది?” అన్నాడు. మా ఇంటామె ఇచ్చిన మాట ప్రకారం గడ్డపార తెచ్చింది. గోడ పడింది, బండి వీధిలోకి వచ్చింది. పొద్దుగూకకముందే ఆమె అవే ఇటుకలతో సందు మళ్లీ మూయించింది. అందుకే బండి ఇప్పుడు వీధిలో టార్పాలిన్ కింద, నేను గోడ లోపల.

ఊరందరికీ ఇట్లాగే చెబుతూ వచ్చాను. ఇందులో ఇంజను మోగడం నా కల్పన. కొంగలూ తాత కేకా దాని వెంట వచ్చినవే. ముంగిసల అత్తగారి గురించి పట్టుబట్టను.

ఆ మధ్యాహ్నం ఇంజను ఒకసారి దగ్గి, నల్లటి పొగ వదిలి ఊరుకుంది. “డీజిల్ పంపు ఖతం అన్నా. ఇయ్యాల గాదు,” అని ఉస్తాద్ చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. నేను బండి మెట్టు మీద కూలబడ్డాను. ఏదో ఒకటి కల్పించి చెప్పే బలం కూడా లేదు. మా ఇంటామె వచ్చి నా ముఖం చూసింది. లోపలికి పోయి గడ్డపార, నిమ్మకాయ తెచ్చింది.

“మోగలేదు గదనే,” అన్నాను.

“నేనేమన్న చెవిటిదాన్నా? జరుగు.”

“భయమైతలేదా?”

“అయితాంది. అందుకే ఇయ్యాల్నే మళ్ల మూపిస్త. గా సందుల నువ్వు కాలు పెట్టకు, ఈడనే ఉండు.”

నిమ్మకాయ కోసి చెరో దిక్కు విసిరి, గోడకు మొదటి పోటు ఆమే పొడిచింది. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చారు. నన్ను స్టీరింగు కూడా పట్టనివ్వలేదు. చెవిటి తాత పట్టాడు, ఆమె అందరితో కలిసి వెనక నుంచి తోసింది. నా బండి బయటికి పోవడం నేను లోపలినుంచే చూశాను.

వీధిలో ఆగాక ఆమె కొంగుతో చెమట తుడుచుకుని, అప్పుడు సరిగ్గా చూసింది వెనక తలుపును.

“గిది నెమలా, గిన్నెకోడా?”

“నెమలే!” అని గోడ లోపలినుంచి అరిచాను.