బండారి ప్రమాణం

రామన్నపేట దగ్గరి కురుమవాడలో నర్సింగమ్మకు ఇరవై రెండు గొర్రెలుండేవి. భర్త పోయిన ఏడు, మేపే మనిషి లేక, మందనంతా సంతలో అమ్మింది. వచ్చిన నూటపది నిజాం హాలీ రూపాయలను తమ్ముడు ఎల్లేశం భూమి కొనడానికి అప్పుగా తీసుకున్నాడు. రెండేళ్లలో తీరుస్తానన్నాడు. అక్కాతమ్ముళ్ల మధ్య కాగితం అడగడం తప్పుగా ఎంచే ఇల్లు వారిది. సాక్షులూ లేరు.

గడువు దాటాక అడిగితే ఎల్లేశం, "ఏ పైసలక్కా? బావ దినాలకు నేను పెట్టిన ఖర్చుల చెల్లిపాయె గద" అన్నాడు. దినాలకు పెట్టినదంతా నర్సింగమ్మే.

ఆమెకు మళ్లీ గొర్రెలు కావాలి. లేకుంటే బతికినంతకాలం ఇతరుల ఉన్ని కూలికి వడకాలి. చూపు పోయిన తల్లిని సాకడానికి ఆ కూలి చాలదు. అందుకని 1351 ఫసలీ సంవత్సరంలో మున్సిఫ్ అదాలత్‌లో దావా వేసింది.

రుజువు లేక వాయిదాలు గడిచిపోతున్నప్పుడు తల్లే ఉపాయం చెప్పింది. "ఆనితోని బండారి పట్టించు బిడ్డా. నా కొడుకు బీరప్ప మీద అబద్ధమాడడు."

కురుమల ప్రమాణానికి ఒక పద్ధతి ఉంది. నల్ల గొంగడి మీద నిలబడి, బండారి, అంటే కులదేవుడు బీరప్ప గుడి పసుపు, అరచేతిలోకి తీసుకొని, మాట చెప్పి, దాన్ని కన్నబిడ్డ నొసట పెట్టాలి. మాట అబద్ధమైతే ఆ బిడ్డ దక్కదు. తేలు కుడితే విషమెక్కుతుందన్నంత నిశ్చయంగా నర్సింగమ్మ ఈ సంగతి ఎరుగును.

వకీలు హెచ్చరించాడు. "ఆయన ప్రమాణం చేసిండంటే నీ దావా పోతది. ఎరుకేనా?"

"చెయ్యడు సాబ్. ఆనికి ఒక్కతే బిడ్డ."

ఎల్లేశం కూడా సమ్మతించాడు. ప్రమాణంతోనే దావా తేలాలన్న కాగితం మీద ఇద్దరూ వేలిముద్రలు వేశారు.

వాయిదా నాడు అతడు ఐదేళ్ల కూతురు అండాలును చంకనెత్తుకొని వచ్చాడు. పిల్ల మేనత్తను చూసి నవ్వింది. "అత్తా, పేలాలు తెచ్చినవా?"

"ఇంటికాడున్నయి బిడ్డా."

గొంగడి పరిచారు. ఎల్లేశం పిల్లను దించి, దాని మీద నిలబడ్డాడు. ఇక ఆగుతాడనుకున్నది నర్సింగమ్మ. బండారి అరచేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడైనా ఆగుతాడనుకున్నది.

"మా అక్కకు నేను బాకీ లేను" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. పసుపు చెయ్యి పిల్ల నొసటికి జానెడు దూరంలోకి వచ్చింది.

నర్సింగమ్మ పిల్లను లాగి కొంగు కప్పింది. "వద్దు తమ్మీ. నాకు రావలసింది లేదు. రాసుకోండి సాబ్, లేదు."

మున్సిఫ్ జడ్జి ఉర్దూలో ఏదో అడిగాడు. కాగితాలు చూసే పేష్కారు దాన్ని తెలుగులో మెల్లగా చెప్పాడు. "ఆలోచించుకో అమ్మా. మళ్ల దావా ఉండది."

"పిల్ల బతకాలె" అని మాత్రం అన్నది.

దావా కొట్టివేశారు. ఎల్లేశం అరచెయ్యి ధోవతికి తుడుచుకొని, పిల్లను ఆమె చేతుల్లోంచి తీసుకొని, బయటికి నడిచాడు.

ఇంటి దగ్గర తల్లి గడప మీదే కూర్చొని ఉంది. అడుగుల చప్పుడుకు తలెత్తింది. "ఏమాయె బిడ్డా? పట్టిండా?"

నర్సింగమ్మ తల్లి పక్కన కూర్చున్నది. "పట్టలేదమ్మా. ఒప్పుకున్నడు. పంట రాంగనే ఇస్తనన్నడు."

"నేను చెప్పలే? నా కడుపున పుట్టినోడు వాడు. ఉత్తగ కచేరికి గుంజితివి ఆన్ని."

"నాదే తప్పు."

ముసలామె ఆ పూట మరో ముద్ద అడిగి తిన్నది.

పంటలు ఇంటికి చేరే వేళకు నర్సింగమ్మ వాడలోని మల్లన్న ఇంటి ఉన్ని కూలికి తెచ్చి వడుకుతూ ఉంది. తల్లి రాట్నం చప్పుడు విని పక్కకు జరిగి, ఉన్ని కుప్పను రెండు చేతులా తడిమింది. ముఖం విప్పారింది.

"గొర్లు కొన్నవా? మనయేనా బిడ్డా?"

"మనయేనమ్మా."