చెంపకి ఆనించి చూడండి

మా పెద్దమ్మకి లాండ్రీలో దేనికమ్మ అని పేరు. ఎవరు పెట్టారో తెలియదు కానీ బాగా అతికింది. ఎవరు ఏ కొత్త పని మొదలుపెట్టినా ఆవిడ నోట ముందుగా వచ్చే మాట "ఇది దేనికి?" అనే. నేను ముచ్చటపడి పెద్ద సోఫా కొన్నాను. అది రాగానే మా గదిలో నడవడానికి దారి లేకుండా పోయింది. పెద్దమ్మ గుమ్మంలోనే ఆగి, "ఇది దేనికే?" అంది.

"దేనికేమిటి పెద్దమ్మా, కూర్చోడానికి."

"మరి బట్టల మూట కూర్చుంది కదే. నువ్వు కిందే ఉన్నావు."

నాకు ఒళ్లు మండింది. ఆవిడ చెప్పింది నిజం కాబట్టి ఇంకాస్త మండింది.

ఆవిడా నేనూ లాండ్రీలో బట్టలు మడతపెట్టే ఒకే బల్ల దగ్గర పనిచేస్తాం. మాకు వచ్చేవాటిలో ఎక్కువ ఆసుపత్రి దుప్పట్లే. డ్రయ్యర్‌లోంచి తీసిన ప్రతి దుప్పటి అంచునీ పెద్దమ్మ చెంపకి ఆనించుకుని, ఆ తర్వాతే మడత పెడుతుంది. వేడిలో దాక్కున్న తడి మొద్దుబారిన మా వేళ్లకి అందదు. చెంప దగ్గర దాని ఆటలు సాగవు. తడి తగిలిందా, ఆ దుప్పటి మళ్లీ డ్రయ్యర్‌లోకే. మా బల్ల దగ్గరికి ఎవరు కొత్తగా వచ్చినా ముందు నేర్చుకునేది ఇదే.

ఈ అలవాటు ఆవిడకి ఇంట్లో పట్టుబడింది. పెదనాన్నకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు చుట్టాలంతా తలో సలహా మోసుకొచ్చారు. గదికి రంగు మార్చమని ఒకరు, ఎదురుగా పెద్ద టీవీ పెట్టమని ఒకరు, ఎక్కడో దొరికే తైలం తెప్పించమని ఇంకొకరు. పెద్దమ్మ అందరికీ తలాడించింది. వాళ్లు గడప దాటగానే ఆయన్ని మెల్లగా పక్కకి తిప్పి, వీపు తుడిచి, పొడి దుప్పటి పరిచింది. వేళకి తిండి, ఒళ్లు శుభ్రం, పొడి పక్క. ఇవి తప్ప ఆవిడ దేన్నీ పట్టించుకోలేదు. ఇన్నేళ్లయినా పెదనాన్న వీపు మీద ఒక్క పుండు లేదు. ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఎంత గర్వమో.

ఇలా ఉండగా లాండ్రీకి కొత్త మేనేజరు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఊరికే ఉండలేడు. దుప్పట్లకి సెంటు కొట్టమన్నాడు. ప్రతి కట్టకీ నీలం రిబ్బను కట్టి, పైన ధన్యవాదాల కార్డు గుచ్చమన్నాడు. ఈ సింగారానికంతా సమయం కావాలి కదా, దాన్ని డ్రయ్యర్‌లో ఆరే సమయంలోంచి కోశాడు. దుప్పట్లు సగం ఆరీ ఆరకుండా బల్ల మీదికి రాసాగాయి. ఆరలేదని ఆయనకి తెలియదనుకునేరు, శుభ్రంగా తెలుసు.

"ఆసుపత్రికి వెళ్లేలోపు వాటంతట అవే ఆరిపోతాయి లెండి," అన్నాడు.

"ప్లాస్టిక్ కవర్లోనా?" అంది పెద్దమ్మ.

పెద్దమ్మ తన ముందుకు వచ్చిన దుప్పట్లన్నీ తిరిగి డ్రయ్యర్‌లోకి తోసేసింది. ఆసుపత్రికి వెళ్లే వ్యాన్ ఆలస్యమైంది. మర్నాడూ అదే తంతు. దాంతో మేనేజరు ఆవిడకి గొప్ప పదోన్నతి ఇచ్చాడు. ఇస్త్రీ కోటు తొడిగి, బ్యాడ్జీ పెట్టి, ముందు గదిలో కౌంటర్ దగ్గర కూర్చోబెట్టాడు. బట్టలు తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లని నవ్వుతూ పలకరించడమే ఇక ఆవిడ పని. ఆవిడ అటు వెళ్లగానే బల్ల దగ్గర మేమంతా నోరు మూసుకుని రిబ్బన్లు కట్టాం. ఎదురుతిరిగితే ఉద్యోగం ఊడుతుందని మా భయం మాది.

కౌంటర్ దగ్గర పెద్దమ్మ నిజంగానే నవ్వుతూ పలకరించింది. పలకరించి, కట్ట మీద రిబ్బను విప్పి, దుప్పటి చేతికిచ్చి, "చెంపకి ఆనించి చూడండి," అనేది. చూసినవాళ్లు చూసినట్టే మొహం చిట్లించి, మళ్లీ ఆరబెట్టమని కట్ట అక్కడే వదిలి వెళ్లేవాళ్లు. కౌంటర్ వెనక దుప్పట్లు గుట్టపడ్డాయి.

ఆ వారంలోనే ఆసుపత్రి పెద్ద నర్సు వచ్చింది. సెంటు ఘాటుకి రోగులు తుమ్ముతున్నారు, అది మానేయమని చెప్పి పోదామని వచ్చింది. పెద్దమ్మ ఒక కట్ట విప్పి ఆవిడ చేతిలో పెట్టింది. నర్సు చెంపకి ఆనించుకుని చూసింది. ఆ తర్వాత గబగబా బయటికి నడిచి వ్యాన్ ఎక్కి, అందులోని మరో కట్ట విప్పి చూసింది.

"మొత్తం దింపేయండి. పొడి దుప్పట్లు ఇచ్చే ఉద్దేశం ఉంటే పంపండి, లేకపోతే ఇంకో చోటు చూసుకుంటాం," అని మేనేజరుతో కుండబద్దలు కొట్టినట్టు చెప్పి వెళ్లిపోయింది.

మేనేజరు మొహం కందగడ్డ అయింది. "మీరు కంపెనీ పరువు తీశారు," అని అరిచాడు.

"నేను తీసింది రిబ్బను బాబూ."

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు!"

"వస్తాను. కదల్లేని మనిషి కింద మీరు తడి గుడ్డ పరుస్తుంటే నేను ఇంట్లో కూర్చోవాలా? ఆపాలనుకుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆపండి," అని పెద్దమ్మ బ్యాడ్జీ తీసి కౌంటర్ మీద పెట్టింది.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. కోటు లేదు, పాత ఆప్రాన్ కట్టుకుంది. గుమ్మంలో ఎవరూ అడ్డం లేరు. మేనేజరు డ్రయ్యర్ల దగ్గర, దింపిన దుప్పట్లన్నీ మళ్లీ ఆరబెట్టిస్తూ కనిపించాడు. ఆవిడ వైపు చూసి, మళ్లీ పనిలో పడ్డాడు. పెద్దమ్మ తన చోట నిలబడి మొదటి దుప్పటి అందుకుంది. నేనూ ఒకటి తీసుకుని చెంపకి ఆనించుకున్నాను. తడి తగిలింది. పక్కకి తోసేశాను, ఎవరి వైపూ చూడకుండా.

సాయంత్రం ఆవిడ వెంట వాళ్లింటికి వెళ్లాను. నిలబడి నిలబడి ఆవిడ కాళ్లు వాచిపోయాయి. జరిగిందంతా నేను గొప్పగా చెబుతుంటే పెదనాన్న మంచం మీంచి వింటూ ఒక పక్క మూతితో నవ్వుతున్నాడు. పెద్దమ్మ దండెం మీది దుప్పటి తీసుకొచ్చి చెంపకి ఆనించుకుంది. మధ్యాహ్నం ముసురు పట్టింది, అది సరిగ్గా ఆరలేదు.

"ఇవాళ అలిసిపోయావు కదే. ఈ ఒక్కపూటకీ పరిచెయ్, ఏం కాదు," అన్నాడు పెదనాన్న.

"ఊళ్లో వాళ్ల వీపులకోసం పోట్లాడి వచ్చి, నీ వీపు దగ్గర ఊరుకుంటానా?" అంది పెద్దమ్మ.

ఇస్త్రీపెట్టె వేడెక్కడానికి పెట్టి, దుప్పటి ఒళ్లో పరుచుకుని నేల మీద చతికిలబడింది.